బూజుతో ఫొటో

పెళ్ళిచూపులు మా చెల్లెలి కూతురికి, ఎరువు మా కొబ్బరి చెట్లకి. రెండూ ఒకే పూట రావడంలో నా ప్రమేయం ఏమీ లేదు. ముహూర్తం అవతలివాళ్ళ సిద్ధాంతి పెట్టాడు, ఫొటో గడువు ఫోన్లో యాప్ పెట్టింది. సిద్ధాంతినైతే బతిమాలుకోవచ్చు.

మాది అంబాజీపేటకి దగ్గర్లో ఊరు. కాలవ గట్టు తోటలో కొన్ని చెట్లకి మొదట్లోంచి ఎర్రటి బంక కారడం మొదలైంది. గానోడెర్మా తెగులు. 1952లో తంజావూరు జిల్లాలో బయటపడి ఆ ఊరి పేరే తగిలించుకుంది, మనవాళ్ళు బంక తెగులంటారు. అదొక శిలీంధ్రం. మట్టిలో వేళ్ళ వెంబడి పాకి చెట్టుని లోపల్నించి కుళ్ళబెడుతుంది, మన కంటికి బంక కనపడేసరికి దాని పని చాలావరకు అయిపోయి ఉంటుంది. దీనికి విరుగుడు ఇంకో శిలీంధ్రం, ట్రైకోడెర్మా విరిడి. ఇది చెడ్డ శిలీంధ్రం పోగులకి చుట్టుకుని, గోడ కరిగించి, లోపలున్నది తినేస్తుంది. చెట్టుకి ఏడాదికి 50 గ్రాముల చొప్పున 5 కిలోల వేపపిండిలో కలిపి మొదట్లో వేయమంటారు.

నేను పెద్ద పోగే పెట్టాను. బాగా మాగిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా పొడి 2 కిలోలు. పైన బెల్లం నీళ్ళు చిలకరించి, గొడ్ల సావిడిలో నీడపట్టున తడి గోనెసంచులు కప్పాను. వారం పదిరోజులకి సంచి ఎత్తి చూస్తే ట్రైకోడెర్మా పెరిగి పచ్చగా బూజు పట్టి ఉండాలి. పట్టింది. ముచ్చటగా పట్టింది.

మా అమ్మకి మాత్రం ముచ్చట వెయ్యలేదు. ఆవిడ జీవితమంతా బూజు మీద యుద్ధం చేసిన మనిషి. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టినవాడు సొంత అల్లుడైనా క్షమించదు. అలాంటావిడ కళ్ళెదుట నేను బూజుకి బెల్లం పోశాను. "నీ పెళ్ళికి కూడా ఇంత బెల్లం దండగ చెయ్యలేదురా" అంది. నేను 1928లో ఫ్లెమింగ్ అనే దొర పళ్ళెంలో పట్టిన బూజులోంచి పెన్సిలిన్ పుట్టిన కథ చెప్పాను. "ఆయన పేడలో పెట్టాడా?" అంది. లేదన్నాను. "మరీ?" అని లోపలికెళ్ళిపోయింది. మా మామయ్య సాయంత్రం పూట పుచ్చుకునే కల్లు పొంగేదీ ఈస్టు అనే శిలీంధ్రం వల్లే. దాని మీద మా ఇంట్లో ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు. దానికి ఫొటో అడిగేవాడు కూడా లేడు.

ఫొటో ఎందుకంటే, ఈ పోగుకి రాయితీ ఉందట. ఎంత అని అడక్కండి, చెబితే ఈ కథంతా ఆ డబ్బుల కోసమా అంటారు. ఆఫీసు నుంచి వచ్చిన కుర్రాడు మర్యాదస్తుడు, తప్పు వాడిది కాదు. "రైతు మొహం కనపడాలండి, పచ్చ బూజు కనపడాలండి, రెండూ ఒకే ఫొటోలో రావాలండి. దూరంగా తీస్తే బూజు తెలవట్లేదని పైనుంచి తిప్పికొడతన్నారండి." ఫొటోలో ఉన్నవాడు బతికున్న రైతేనని రుజువు కావడానికి కళ్ళు కూడా ఆర్పాలి. ఫొటోతో ఫొటో దిగి డబ్బు కాజేసేవాళ్ళు ఉంటారట. పేడపోగు పక్కన ఇంకొకడి ఫొటో పట్టుకుని ఫొటో దిగే ఓపికున్న దొంగ ఎవడో గానీ, వాడికి ఆ రాయితీ ఇచ్చేసినా పాపం లేదు.

ఇక ఆ భంగిమ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పెళ్ళివాళ్ళకి మా కుటుంబం మొదట కనపడింది ఆ భంగిమలోనే.

మేనమామ హోదాలో కొత్త పంచె, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాను. ఆ బట్టలతోనే పోగు పక్కన గొంతుక్కూర్చున్నాను. ఎడం చేత్తో గోనెసంచి ఎత్తిపట్టి, చెంప బూజుకి తగిలీ తగలనంత దగ్గరగా పెట్టి, మెడ పక్కకి వాల్చి, ఫోన్లోకి చూడాలి. కుర్రాడు ఎదురుగా కొబ్బరికాయల రాశి వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "కొంచెం నవ్వండి బాబాయ్ గారూ" అన్నాడు. యాప్‌లో నవ్వమని లేదు, అది వాడి సొంత సరదా. నవ్వాను.

ఫోన్లోంచి ఒక ఆడగొంతు తియ్యగా పలికింది: "కళ్ళార్పండి."

ఆర్పాను. ముఖం సరిపోలలేదంది. మళ్ళీ ఆర్పాను. వెలుతురు చాలదంది. వెలుతురు ఎలా ఉంటుందమ్మా, నీడలో పెట్టమన్నది మీవాళ్ళే కదా! ఎండ తగిలితే బూజు చస్తుంది, తగలకపోతే రాయితీ చస్తుంది. ఆ యాప్ తయారుచేసిన మహానుభావుడు ఏసీ గదిలో కూర్చుని, బూజంటే మిగిలిపోయిన బ్రెడ్డు మీద మాత్రమే చూసి ఉంటాడు. వాణ్ణొకసారి మా సావిడికి పంపించండి, బెల్లం నీళ్ళు నేనిస్తాను.

"ఒక కన్ను ఆర్పి చూడండి బాబాయ్ గారూ, పై ఊళ్ళో ఒకాయనకి అలాగే పనిచేసింది."

సరిగ్గా అప్పుడు నా చెవి కిందనించి ఎరువు కదిలింది. కొమ్ముపురుగు పిల్ల. తెల్లగా, లావుగా, వంకర తిరిగి, ఎర్రటి తలకాయతో బయటికొచ్చింది. కొబ్బరి రైతుకి ఇది కొత్త కాదు. మాగిన పేడలో పెరుగుతుంది, రెక్కలొచ్చాక వెళ్ళి కొబ్బరి మొవ్వు తొలుస్తుంది. ట్రైకోడెర్మా దీని జోలికి పోదు, దాని గొడవ సాటి శిలీంధ్రాలతోనే. పురుగు సంగతి చూసేది మెటారైజియం అనే ఇంకో శిలీంధ్రం. 1879లో ఒడెస్సా దగ్గర మెచ్నికాఫ్ అనే ఆయన గోధుమని పాడుచేసే పెంకుపురుగుల మీద దాన్ని కనిపెట్టాడు. తరవాత వేరే పనికి 1908లో నోబెల్ బహుమతి కూడా పుచ్చుకున్నాడు. పురుగు ఒంటికి దాని బీజం అంటుకుని, చర్మం తొలుచుకుని లోపలికి పోయి, పురుగు చచ్చాక పైకి పచ్చగా మొలుస్తుంది. అదే నా పోగులో ఉండి ఉంటే ఈ ప్రాణి ఈపాటికి పచ్చటి శవమై ఉండేది. కానీ దానికి రాయితీ వేరే యాప్‌లో ఉందట.

ఆ ప్రాణి నా కాలరు మీదికి ఎక్కింది.

"కదలకండి, కదలకండి, ఆకుపచ్చ గీత వచ్చేసిందండి!" అన్నాడు కుర్రాడు.

ఒక చేతిలో సంచి, ఇంకో చెయ్యి నేల మీద ఆనుడు, మెడ మీద పురుగు, మొహం మీద కుర్రాడు అడిగిన నవ్వు. అన్నిటినీ బిగబట్టి ఒక కన్ను ఆర్పాను. ఇంకోసారి ఆర్పాను. గట్టిగా, మనస్ఫూర్తిగా ఆర్పాను.

ఎదర పెరటి దారిలో పెళ్ళికొడుకు మేనత్త గారు నిలబడి ఉన్నారు.

పెరటి దారిలో ఎందుకొచ్చారంటే, వీధి వైపు కుళాయి గొట్టాల కోసం తవ్విన గోతులు సంక్రాంతి నుంచీ అలాగే ఉన్నాయి. తవ్వినవాళ్ళది ఒక కాంట్రాక్టట, పూడ్చేవాళ్ళది ఇంకోటట. పట్టుచీరలతో గోతులు దూకలేక, కారు దిగి సావిడి పక్కనుంచి వచ్చారు. కుర్రాడు కాయల రాశి వెనక ఉన్నాడు కాబట్టి ఆవిడకి కనపడలేదు. కనపడింది నేను. నెత్తి నెరిసిన మనిషి, పేడలో కూర్చుని, గోనెసంచి ఎత్తిపట్టి రమ్మన్నట్టు చూస్తూ, నవ్వుతూ, తన వైపు కన్ను కొడుతున్నాడు.

ఆవిడ పమిట కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. అది కంపుకో, నాకో, ఇప్పటికీ తేలలేదు.

"బాగుంది. మరొక్కసారి కళ్ళార్పండి" అంది ఫోన్లో ఆడగొంతు.

ఆవిడ చుట్టూ చూశారు. ఆడమనిషి ఎవరూ కనపడలేదు. ఒకడుగు వెనక్కి వేశారు.

అమ్మ పరిగెత్తుకొచ్చింది. పరువు కాపాడుతుందనుకున్నాను. "మీరేం అనుకోకండమ్మా, మావాడు మంచోడేనండి, బూజుతో ఫొటో దిగుతున్నాడు" అంది.

నేను లేచి నమస్కారం పెట్టబోయేసరికి కాలరు మీదున్న అతిథి జారి ఆవిడ చెప్పు పక్కన పడింది. ఆవిడ అరిచిన అరుపుకి మిగతా పెళ్ళివాళ్ళంతా సావిడిలోకే వచ్చేశారు. అలా పెళ్ళిచూపులు అక్కడే మొదలయ్యాయి. వాళ్ళలో ఒకాయనకి పురుగుమందుల కొట్టు ఉందట. పోగు వైపు జాలిగా చూసి, "ఎందుకండీ ఈ కంపంతా, రాగి మందు కలిపి పోసెయ్యండి, ఏ బూజూ ఉండదు" అన్నాడు. నిజమే, ఏ బూజూ ఉండదు, నేను బెల్లం పోసి పెంచింది కూడా ఉండదు. ఆ మాట చెబుదామని నోరు తెరిస్తే మా చెల్లెలు నా మోచెయ్యి గిల్లింది. మగపిల్లాడి తరఫువాళ్ళు కదా, ఆయ్, అలాగేనండి అన్నాను.

తరవాత పొట్టెక్కలు తిన్నారు, కాఫీ తాగారు, పిల్లని చూశారు. పెళ్ళికొడుకు బుద్ధిమంతుడే, నన్ను చూసినప్పుడల్లా నవ్వాపుకున్నాడు. మేనత్త గారు మాత్రం ఉన్నంతసేపూ నాకు ఎదురుగా కాకుండా పక్కకి తిరిగి కూర్చున్నారు. కబురు చేస్తామని వెళ్ళిపోయారు.

సాయంత్రం ఫోన్ మోగింది. అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

కుర్రాడు. ఫొటో తిరిగొచ్చిందట. మొహం సరిపోయిందట, బూజూ సరిపోయిందట, కానీ నేను కూర్చున్న చోటు గోదారి వైనతేయ పాయ నడిమధ్యలో చూపిస్తోందట. నీళ్ళలో ఉన్న పోగుకి రాయితీ వర్తించదట. "రేపొద్దున్నే వచ్చేత్తానండి. బూజు మాత్రం అలాగే ఉంచండి బాబాయ్ గారూ, ముట్టుకోకండి."

"ఎవర్రా, పెళ్ళివాళ్ళా?" అంది అమ్మ.

"కాదు, బూజువాళ్ళు."

"ఏవంటారు?"

"ఇంకోసారి చూసుకుంటారట."