లాభాపేక్ష లేదు, జీతాపేక్ష ఉంది

లాభాపేక్ష లేని చిన్న పరిశోధన సంస్థల ఆర్థిక స్థితి ఏటికేడాది క్షీణిస్తోందని కొందరు పెద్దలు వాపోతున్నారు. పొదుపు అనే దురలవాటు వాటి దరి చేరకుండా మన చట్టాలు కంటికి రెప్పలా కాపాడుతుండగా, వాటికి వచ్చిన లోటేమిటో నాకు బోధపడటం లేదు.

ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే, ప్రత్యేకంగా ఫారం పెట్టుకుంటే తప్ప, ఏడాది రాబడిలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చు చేయాలి. ఫిబ్రవరి ఆఖరున గ్రాంటు విడుదలైన సంస్థలో మార్చి నెల ఎంత దీక్షగా గడుస్తుందో చూసి తరించవలసిందే. బీరువా నిండా ప్రింటర్ టోనర్లు చేరతాయి, నివేదికకు నిగనిగలాడే కాగితపు అట్ట పడుతుంది. ఊరూరా తిరిగి సర్వే చేసిన కుర్రవాళ్ల బస్సు చార్జీలకు మాత్రం ఆ పద్దులో చోటుండదు కాబట్టి, అవి తరువాతి విడతకు వాయిదా పడతాయి.

విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ మరింత కరుణామయమైనది. అనంతపురం కరువు మీద అధ్యయనం చేసే సంస్థ అయినా ఆ సొమ్మును ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు శాఖలోనే అందుకోవాలి. అద్దె, కరెంటు, లెక్కలు రాసే గుమాస్తా జీతం వంటి పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించారు. ఒక సంస్థ మరొక సంస్థకు ఆ నిధులు ఇవ్వడాన్నీ నిషేధించి, పెద్ద సంస్థల పంక్తిలో చివర కూర్చున్నవారి విస్తళ్లు ఎత్తేశారు.

స్వదేశీ దాతల సంగతికొస్తే, 2023–24 నుంచి వేరేది కోరుకోకపోతే దానంతటదే వర్తిస్తున్న కొత్త పన్ను విధానంలో, 80జిగా పేరుపడిన విరాళాల పన్ను రాయితీ లేదు గనుక, అందులో ఉన్నవారు ఇక నిష్కామంగానే ఇవ్వాలి. లోకంలో నిష్కాములెందరో కోశాధికారి గారికి ఇప్పుడు వేళ్ల మీద లెక్క. లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించవలసిన కంపెనీలకు రిబ్బను కత్తిరించే సౌకర్యం కావాలి. గణాంకాల పట్టికకు రిబ్బను ఎక్కడ కడతారు?

నేనెరిగిన ఒక సంస్థ బ్యాలెన్స్ షీటులో నిలకడగా ఎదుగుతున్నది ఒక్కటే పద్దు: కార్యదర్శి గారి చేబదులు. ఆడిటరు దానిని అప్పుల కింద చూపమంటారు; కార్యదర్శి గారి భార్య మాత్రం విరాళాల కింద చూపడమే నిజాయితీ అంటున్నారు.