సవరణ: టవర్ పరిధిలో ఉన్నంత మాత్రాన అక్కడే ఉన్నట్టు కాదు

పొలాల మధ్య జరిగి ఇంకా తేలని ఆ హత్య గురించి మొన్న రాసినదాంట్లో పెద్ద తప్పు చేశాను. "ఆ రాత్రి పొరుగాయన ఫోన్ అదే టవర్ కింద ఉంది, అంటే ఆయన అక్కడే ఉన్నాడు" అన్నాను. ఆ వాక్యం తీసేశాను.

పల్లెల్లో టవర్లు దూరదూరంగా ఉంటాయి. జీఎస్ఎం అనే 2జీ మొబైల్ వ్యవస్థలో ఒక టవర్ మామూలుగా గరిష్ఠంగా 35 కిలోమీటర్ల దాకా అందుతుంది. మధ్యలో గుట్ట అడ్డొస్తే ఫోన్ దగ్గరి టవర్‌ని వదిలి దూరపుదాన్ని పట్టుకోవచ్చు కూడా. ఇంట్లో మంచం మీద నిద్రపోతున్న మనిషి ఫోన్ కూడా అదే టవర్‌ని చూపిస్తుంది. ఆయన ఇల్లు ఆ పరిధిలోనే ఉంది. మ్యాప్‌లో చూసి కూడా నేను పట్టించుకోలేదు.

శవం బిగుసుకుపోయి ఉందన్న ఒక్క మాటతో హత్య జరిగిన సమయం కూడా లెక్కగట్టాను. చలిలో ఆ బిగుసుకోవడం నెమ్మదిస్తుంది, కాబట్టి ఆ లెక్కా నిలబడదు.

2013లో బోస్టన్ పేలుళ్లప్పుడు, కనిపించకుండా పోయిన ఒక విద్యార్థిని ఆన్‌లైన్‌లో జనం ఇలాగే అనుమానితుణ్ని చేశారు. అతనికి ఏ సంబంధమూ లేదు. కొన్ని రోజులకు శవమై దొరికాడు. ఇది తెలిసి కూడా నేను అదే పని చేశాను.

నా పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి ఈరోజే తీసేయండి. ఆ పొరుగాయన కుటుంబానికి విడిగా క్షమాపణ రాశాను.