ఎడిన్‌బరో చేతివాటం ప్రశ్నాపత్రం గారికి, ఒక సున్నా రాయునది

మహారాజశ్రీ ప్రశ్నాపత్రం గారికి,

విశాఖపట్నం నుంచి నమస్కారాలు. రెండు చేతులూ కలిపే పెట్టాను కాబట్టి ఇది మీ లెక్కలోకి రాదు, కంగారు పడకండి.

సైకాలజీ చదువుతున్న మా పిన్ని కూతురు ప్రాక్టికల్ రికార్డు కోసం కాలేజీ వయసు వాళ్ళని పట్టుకుని, మనిషిది కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో తేల్చే మిమ్మల్ని నింపిస్తోంది. ఇంట్లో ఊరికే దొరికేవాణ్ణి నేనే. 1971లో సైకాలజిస్టు ఓల్డ్‌ఫీల్డ్ గారు మిమ్మల్ని అచ్చువేయించిన దగ్గర్నుంచి ఎక్కడెక్కడి వాళ్ళూ ఈ పది ప్రశ్నలే అడుగుతున్నారట: రాత, బొమ్మ, విసరడం, కత్తెర, టూత్‌బ్రష్, కత్తి, స్పూను, చీపురు, అగ్గిపుల్ల, పెట్టె మూత. ఏ చేత్తో చేస్తే ఆ గడిలో ప్లస్సు. బలవంతపెడితే తప్ప రెండో చెయ్యి వాడనంటే రెండు ప్లస్సులు. ఏ చెయ్యైనా ఒకటేనంటే చెరో గడిలో ఒకటి.

అయ్యా, మీ ఊళ్ళో బలవంతం అంటే చెయ్యి విరిగి కట్టు కట్టించుకోవడం కాబోలు. మా ఇంట్లో దానికి మనిషే ఉంది, మా అమ్మమ్మ. "ఒరే, పుర్రసేత్తో తింటావేట్రా" అని ఆవిడ అరిచిన అరుపుకి స్పూను దానంతటదే కుడి చేతిలోకి దూకేది. పలక మీద రాత బళ్ళో టీచరు మార్చారు. అగ్గిపుల్ల ఎటూ దీపం వెలిగించడానికే కాబట్టి అది దేవుడి ఖాతా, కుడివైపే. కత్తెర సంగతి వేరు, దాన్ని తయారు చేసినవాడే కుడివైపు తీర్పు చెప్పేశాడు. ఇక ఎవరికీ పట్టని పనులు, బొమ్మలు గీయడం, రాయి విసరడం, పళ్ళు తోముకోవడం, ఇవన్నీ ఎడమకి మిగిలాయి. పళ్ళు తోముకునేటప్పుడు తలుపు వేసుంటుంది కదా.

ఇప్పుడు చెప్పండి, స్పూను దగ్గర రెండు ప్లస్సులు నేను పెట్టినట్టా, అమ్మమ్మ పెట్టినట్టా?

పైగా మీ చీపురొకటి. చీపురు పట్టినప్పుడు పైన ఉండే చెయ్యి ఏదని అడిగారు. మా కొబ్బరి ఈనెల చీపురుకి ఒక్క చెయ్యే, రెండోది నడుం మీద ఉంటుంది. కత్తి అన్నారు, ఇంట్లో ఉన్నది కత్తిపీట, అక్కడ కత్తి కదలదు, వంకాయే కదులుతుంది, దానికి రెండు చేతులూ కావాలి. అడగాల్సినవి మాత్రం ఒక్కటీ అడగలేదు. పూర్ణా మార్కెట్‌లో కూరలవాడికి డబ్బులు ఏ చేత్తో ఇస్తావు, తీర్థం ఏ చేత్తో పడతావు, పెళ్ళిలో పంక్తి భోజనానికి కూర్చుంటే పక్కవాడి మోచెయ్యి నీకు ఎన్నిసార్లు తగులుతుంది... మొదట్లో మీకు 20 ప్రశ్నలు ఉండేవట, ఓల్డ్‌ఫీల్డ్ గారు 10కి కోసేశారు. ఇవి ఆ కోతలో పోయాయేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాను.

సరే, లెక్క కట్టాం. కుడి ప్లస్సుల్లోంచి ఎడమవి తీసేసి, మొత్తం ప్లస్సులతో భాగించి, 100తో గుణించాలి. 100 వస్తే పక్కా కుడి, మైనస్ 100 అయితే పక్కా ఎడమ. నాకు చెరి 9. జవాబు సున్నా. ఇంటర్లో కెమిస్ట్రీకి కూడా ఇంత కచ్చితంగా రాలేదండీ. లోకంలో నూటికి పదిమంది దాకా ఎడమచేతి వాళ్ళంటారు, ఆ పదిలో నాకు చోటు లేదు, మిగతా తొంభైలోనూ లేదు.

అసలు తమాషా చివర్న ఉంది. కాలు, కన్ను గురించి రెండు ప్రశ్నలు పెట్టి, వాటిని లెక్కలోంచి తప్పించేశారు. నా ఒంట్లో ఎవరూ వేలు పెట్టనివి అవే కదా! బంతి తన్నేది ఎడమ కాలితో. కంటి కోసం ఆర్కే బీచ్‌లో నిలబడి, రెండు కళ్ళూ తెరిచి, దూరంగా డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్‌కి బొటనవేలు గురిపెట్టి, ఒక్కో కన్నూ మూసి చూశాను. ఎడమ కన్ను మూయగానే వేలు పక్కకి జరిగిపోయింది, అంటే గురి చూసేది అదే. మురీ మిక్చర్ అమ్మే ఆయన నన్ను అదోలా చూశాడు. చెవిని అయితే మీరు పూర్తిగా మర్చిపోయారు, నా ఫోను ఎప్పుడూ ఎడమ చెవికే.

ఇవన్నీ ఒకే వైపు ఉండాలని రూలేమీ లేదు, ఒప్పుకుంటా. మనుషుల్లో మూడోవంతు దాకా ఎడమ కన్ను వాళ్ళే, అందులో కుడిచేతి వాళ్ళు బోలెడు మంది. సాక్ష్యం మా అమ్మమ్మే, సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఆవిడ మూసేది కుడి కన్ను. ఆ మాట అన్నందుకు మొట్టికాయ పడింది. 2024 ఫిబ్రవరిలో మన మధురవాడ స్టేడియంలో ఇంగ్లండ్ మీద 209 కొట్టిన యశస్వి జైస్వాల్ బ్యాటింగ్ ఎడమవైపు, బంతి వేసేది కుడి చేత్తో. అతన్ని ఎవరూ తిట్టలేదు, చప్పట్లు కొట్టారు.

కడుపులో ఉన్నప్పుడే పిల్లలు ఏదో ఒక బొటనవేలు ఎంచుకుని చప్పరిస్తారని, ఎక్కువమంది కుడిదేనని స్కానింగుల్లో చూశారు. నేను ఏది చప్పరించానో మరి. అప్పటికి అమ్మమ్మ చెయ్యి నాదాకా వచ్చేది కాదు.

అందుకని నా విన్నపం. కుడి, ఎడమ గళ్ళ పక్కన ఇంకో గడి పెట్టించండి, ఎవరి మాట మీద అని. అందాకా మీతో పని ఆగేలా లేదు, ఎందుకంటే చెల్లెలి రికార్డు చూసిన సారు నా సున్నా చుట్టూ ఎర్రసిరాతో గీసి, మళ్ళీ సరిగ్గా నింపించి తెమ్మన్నారట. ఆదివారం అది కొత్త కాగితం పట్టుకొస్తుంది. ఈసారి నన్ను అడగదట, తిన్నగా అమ్మమ్మనే అడుగుతుందట.

ఇట్లు,
కుడి చేత్తో రాసి, ఎడమ చేత్తో అడుగున గీత గీసిన
మీ సున్నా