అత్తయ్యగారు ఎక్కడ కూర్చుంటారు?

(అంబాజీపేట దగ్గర కొబ్బరితోటలో ఇల్లు. ఆయన చేతిలో ఫోను, అందులో అమ్మకానికున్న పాత కార్లు. ఆవిడ పనసపొట్టు కొడుతోంది కాబట్టి ఆవిడ చేతిలో కత్తి. ఆయన ఆ సంగతి గమనించలేదు.)

ఆయన: ఇదిగో, 2021 థార్, డీజిల్. ఇది 2023 జిమ్నీ, పెట్రోల్. రెండూ ఫోర్ బై ఫోరే, నాలుగు చక్రాలూ లాగుతాయి. నా మనసు థార్ మీదుంది.

ఆవిడ: ఎక్కడికెళ్ళడానికండీ?

ఆయన: లంకతోటకి! వానాకాలం పుంతలో బురద చూశావుగా?

ఆవిడ: ఆ బురదలోనే దింపు తీసే అబ్బాయి టీవీఎస్ ఎక్సెల్ మీద రెండు బస్తాల కాయలు తెస్తున్నాడు.

ఆయన: దానికి బురదలోంచి లాగే లో రేంజ్ గేరుందా?

ఆవిడ: లేదు. బస్తాలున్నాయి.

ఆయన: థార్ 650 మిల్లీమీటర్ల నీళ్ళలో దిగుతుంది. కంపెనీవాళ్ళే చెప్పారు. రెండడుగుల పైమాటే!

ఆవిడ: గోదారికి కూడా చెప్పారా? 2022 జూలైలో ధవళేశ్వరం నుంచి పాతిక లక్షల క్యూసెక్కులు వదిలితే లంకల్లో వాళ్ళు పడవలెక్కారు. మీ థార్‌ని కొబ్బరిచెట్టుకి కట్టేసుకోవాలి. ఇంతకీ వెడల్పెంత?

ఆయన: 1820 మిల్లీమీటర్లు. జిమ్నీ 1645.

ఆవిడ: ఏడంగుళాల తేడా. కాలవగట్టు మీద ధాన్యం ట్రాక్టర్ ఎదురొస్తే ఆ ఏడంగుళాలూ కాలవలోనే.

ఆయన: సరే, జిమ్నీయే అనుకో. డాక్టరుగారు వాడిన బండట.

ఆవిడ: అమ్మకానికొచ్చే బళ్ళన్నీ డాక్టర్లవే. ఇంతమంది డాక్టర్లుండగా మా నాన్న మోకాళ్ళనొప్పి ఎందుకు తగ్గలేదో! సీటు బెల్టు చివరిదాకా లాగి చూశారా? వరదలో మునిగిన బండయితే అక్కడ బురద గీత ఉంటుంది. కింద కార్పెట్ ఎత్తి వాసన చూడాలి. సముద్రం పక్క తిరిగిందయితే ఛాసిస్‌కి తుప్పు పట్టి ఉంటుంది, పైన ఎంత పాలిష్ కొట్టినా.

ఆయన: ఇవన్నీ నీకెవరు చెప్పారు?

ఆవిడ: మీరు అర్ధరాత్రి దాకా సౌండు పెట్టి ఆ వీడియోలు చూస్తుంటే నాకు నిద్రెక్కడ పడుతుందండీ?

(పనసపొట్టు మీద నాలుగు దెబ్బలు గట్టిగా పడ్డాయి. ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరిపాడు.)

ఆవిడ: థార్‌కి వెనక డోరుందా?

ఆయన: ముందు సీటు వంచి, అటునుంచి...

ఆవిడ: అత్తయ్యగారు?

ఆయన: అందుకే జిమ్నీ! వెనక డోర్లున్నాయి. అమ్మ దర్జాగా ఎక్కుతుంది.

ఆవిడ: ఎక్కి ఎక్కడ కూర్చుంటారు? సీట్లెన్ని?

ఆయన: ...నాలుగు.

ఆవిడ: థార్‌కి?

ఆయన: అదీ నాలుగే.

ఆవిడ: మీరు, నేను, ఇద్దరు పిల్లలు. అత్తయ్యగారికి ఆటో మాట్లాడతాం. ఆ మాట ఆవిడతో మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?

ఆయన: (ఫోను చెవికి పెట్టుకుని) హలో... ఏడు సీట్ల బొలెరో ఏదన్నా ఉందాండీ?