సవరణ: జీటీకే 2 యాప్‌లని 4కి తెచ్చే సంగతి
జీటీకే అంటే యాప్‌లకి కిటికీలు, బటన్లు తయారుచేసే టూల్‌కిట్. పాత జీటీకే 2 యాప్‌లని జీటీకే 4కి మార్చుకోండి అని మొన్న రాసింటి కదా, అది చదివి అనంతపురంలో కొందరు పిల్లోళ్లు నేరుగా 2 నుంచి 4కి పోయేకి చూస్తాండారు, అందుకే ఇంకొంచెం వివరంగా చెప్తాండా. నేరుగా వద్దబ్బా. మధ్యలో 3 ఎక్కాల్సిందే, జీటీకే డాక్యుమెంటేషన్ కూడా అదే చెప్తాది.

ముందు 2.24 మీద డెప్రికేటెడ్ (ఇంక వాడొద్దని చెప్పిన పాత) ఫంక్షన్లు లేకుండా కంపైల్ కానీయండి. తర్వాత 3. ఇందులో తెర మీద మళ్లీ గీయమని చెప్పే ఎక్స్‌పోజ్ ఈవెంట్ పోయి డ్రా సిగ్నల్ వచ్చింది, గీసేదంతా కైరో అనే డ్రాయింగ్ లైబ్రరీతోనే, కాబట్టి అంగడి బిల్లింగ్ యాప్‌లో సొంతంగా గ్రాఫులు గీసే కోడ్ ఉంటే టైమంతా అక్కడే పోతాది.

అది బాగా నడిచినాకనే 4. ఇక్కడ అసలు కష్టం డైలాగ్ రన్ అనే ఫంక్షన్ తీసేయడం, ఎందుకంటే యూజర్ బటన్ నొక్కేదాకా కోడ్ అక్కడే ఆగే పద్ధతి ఇంక లేదు, రెస్పాన్స్ సిగ్నల్‌కి కాల్‌బ్యాక్ (సిగ్నల్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) పెట్టి మిగతా పని అందులో చేయాల, అంటే సేవ్ చేయాల్నా వద్దా అని అడిగే ప్రతిచోటా ఫంక్షన్‌ని రెండుగా విడగొట్టాల్సొస్తాది. విడ్జెట్లని (బటన్లు, పెట్టెలు లాంటివి) అన్నిట్నీ ఒకేసారి చూపించే షో ఆల్ కూడా లేదు గానీ అది చిన్న పని, విడ్జెట్లు వాటంతటవే కనపడతాయి. తెర అమరిక రాసుండే యూఐ ఫైళ్లకైతే జీటీకే4 బిల్డర్ టూల్‌లో 3 నుంచి 4కి మార్చే ఆప్షన్ ఉండాది, మార్చినాక ఒకసారి చదువుకోండి.

ఇంకోటి, 4 దాకా పోకపోతే యాప్ పనికిరాదని అనుకోవద్దండి. 2025 మార్చిలో వచ్చిన ఫొటోలు దిద్దే యాప్ జింప్ 3.0 కూడా జీటీకే 3 మీదే ఉండాది.