ఆ మూడు ఫైళ్లు కలపకండి

నేల, పంట, మనిషి. ఈ మూడింటినీ ఒకే వాక్యంలో ఇరికించే జబ్బు ఈమధ్య బాగా ముదిరింది. నేల చెడితే పంటకు చెరుపట, పంట చెడితే మనిషికి చెరుపట. పరిపాలన గురించి కాస్తయినా తెలిసినవాళ్లు ఇలా మాట్లాడరు. నేల ఒక శాఖ కిందికి వస్తుంది, పంట ఇంకో శాఖ కిందికి. మనిషి కిడ్నీలు పూర్తిగా వేరే బిల్డింగు. ఒక ఫైలులోని కాగితం ఇంకో ఫైలులోకి వెళ్లడమే నేరమైతే, నేలలోని కాడ్మియం అనే విషలోహం కిడ్నీలోకి ఎలా వెళ్తుందండీ?

వెళ్తుందని సైన్సువాళ్లు అంటున్నారు. భాస్వరం ఎరువు తయారయ్యేది రాక్ ఫాస్ఫేట్ నుంచి. ఆ రాయిలో కాడ్మియం సహజంగానే ఉంటుంది, కొన్ని గనుల్లో తక్కువ, కొన్నిట్లో బాగా ఎక్కువ. ఎరువుతో పాటు అదీ పొలంలోకి దిగి, కుళ్లకుండా, ఆవిరి కాకుండా అక్కడే కూర్చుంటుంది. జింకు, మాంగనీసు కోసం వేరు తెరిచిపెట్టుకున్న దారుల్లోంచే ఇదీ మొక్కలోకి దూరుతుంది. ఈ మాత్రం దానికే యూరోపియన్ యూనియన్ 2019లో చట్టం చేసేసింది. ఫాస్ఫేట్ ఎరువులో కిలో భాస్వరం పెంటాక్సైడ్‌కు (ఎరువులో భాస్వరాన్ని లెక్కగట్టేది ఈ రూపంలోనే) 60 మిల్లీగ్రాములకు మించి కాడ్మియం ఉండకూడదట. తొందరపాటు కాకపోతే ఏమిటి!

ఇక పంట సంగతి. కాడ్మియం విషయంలో పంటను ఎంత మెచ్చుకున్నా తక్కువే. మనిషికి హాని చేసేంత మోతాదు ఒంట్లో ఉన్నా మొక్క పచ్చగానే ఉంటుంది. ఆకు ముడుచుకోదు, గింజ తాలు పోదు, దిగుబడి తగ్గదు. కాబట్టి పంట ఆరోగ్యం ఫైలులో 'సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టొచ్చు. అబద్ధం కూడా కాదు. తిన్నవాడి కిడ్నీలో చేరిన కాడ్మియం సగానికి తగ్గడానికి 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది. ఆలోపు సంతకం పెట్టినాయన రిటైరైపోతాడు.

ఫైళ్లు కలిపితే ఎంత నష్టమో జపాన్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడ జింజు నదికి ఎగువన గని ఉంది, దిగువన వరి పొలాలు ఉన్నాయి. నది నీళ్లతో కాడ్మియం పొలాల్లోకి, పొలాల్లోంచి బియ్యంలోకి చేరింది. ఎముకలు పెళుసుబారి విరుగుతుంటే జనం, ముఖ్యంగా వయసు మళ్లిన ఆడవాళ్లు, 'ఇతాయ్ ఇతాయ్' అని అరిచేవారు. 'నొప్పి, నొప్పి' అని. ఆ అరుపే జబ్బుకు పేరైంది. గనిని, బియ్యాన్ని, ఎముకలను విడివిడిగా చూసినన్నాళ్లూ ఎవరికీ ఏ టెన్షనూ లేదు. 1968లో ప్రభుత్వం మూడింటినీ కలిపి, ఇది కాలుష్యం వల్ల వచ్చిన జబ్బేనని ఒప్పుకుంది. ఇక చూడండి, 1979లో మొదలుపెట్టిన పొలాల మట్టి బాగుచేత 2012కి గానీ పూర్తికాలేదు.

కరీబియన్ సముద్రంలో ఫ్రాన్స్ కింద ఉన్న మార్టినిక్, గ్వాడెలూప్ దీవుల వాళ్లు మాత్రం ఇంకా పద్ధతిగా నడిచారు. అరటిని తొలిచే ముక్కుపురుగు మీద 1972 నుంచి క్లోర్‌డెకోన్ అనే మందు వాడారు. ఫ్రాన్స్ 1990లో దాన్ని నిషేధించింది, ఈ దీవులకు మాత్రం 1993 దాకా మినహాయింపులిచ్చింది. మందు ఎవరికోసం వేశారో ఆ అరటిపండులోకి అది దాదాపు ఎక్కదు. అదే నేలలో స్థానికులు తమకోసం పండించుకునే దుంపల్లోకి ఎక్కుతుంది. పండు ఓడెక్కి వెళ్లిపోయింది, విషం ఊళ్లోనే ఉండిపోయింది. అక్కడి పెద్దవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది రక్తంలో ఆ మందు కనిపిస్తోంది. అరటి ఫైలులో ఒక్క మచ్చ లేదు!

ఒక్క విషయంలో మాత్రం నేలను క్షమించలేం. వరిమడిలో నీళ్లు నిలబెడితే నేలలోని ఆర్సెనిక్ అనే ఇంకో విషం కరిగి గింజలోకి పోతుంది. సరేనని మడి ఆరబెడితే ఆర్సెనిక్ తగ్గి కాడ్మియం ఎక్కువ ఎక్కుతుంది. ఒక ఆఫీసరు నీళ్లు పెట్టమంటాడు, ఇంకొకాయన తీసెయ్యమంటాడు, ఎవరి ఫైలు ప్రకారం వారిదే కరెక్టు. గట్టు మీద నిలబడ్డ రైతే ఎటూ తేల్చుకోలేక తప్పు చేస్తున్నాడు. (ఎరువు బస్తాలో కాడ్మియం కలిపింది రైతు కాదు. మందు కొట్టేటప్పుడు అందరికంటే ముందు పీల్చేది మాత్రం ఆయనే. ఇది ఏ ఫైలులోనూ పట్టే సంగతి కాదు గనక బ్రాకెట్లో పెట్టాను.)

సుస్థిర వ్యవసాయం చేస్తున్నాం గనక మాకు ఈ గొడవ లేదనేవాళ్లున్నారు. వాళ్లకు అభినందనలు. మురుగు బురదను ఎరువుగా వెయ్యడం కూడా పోషకాలను నేలకు తిరిగివ్వడమేనని, ఎంతో పర్యావరణహితమని చాలాకాలం నమ్మారు. అందులో ఒక పట్టాన విరగని పీఫాస్ రసాయనాలు కూడా వస్తున్నాయని తేలి, అమెరికాలోని మెయిన్ అనే రాష్ట్రం 2022లో దాన్ని పొలాల్లో వెయ్యకుండా నిషేధించింది. పశువుల దాణాలో కలిపే రాగి, జింకు పేడలోంచి పొలానికి వస్తాయి. 'సహజం' అని స్టాంపు వేసినంత మాత్రాన ఆ లోహాలు వినవు. వాటికి చదువు రాదు.

మరి మట్టి పరీక్ష చేయిస్తే? చేయించండి. నత్రజని, భాస్వరం, పొటాష్, సేంద్రియ కర్బనం, పీహెచ్ ఎంతో చెబుతారు. కాడ్మియం కావాలంటే మాత్రం విడిగా అడగాలి. అడిగి, ఉందని తెలిసి, పులిసిన (ఆమ్లం ఎక్కువైన) నేలకు సున్నం వేసి పీహెచ్ పెంచితే కాడ్మియం వేరుకు అందడం తగ్గుతుంది. బాగా కుళ్లిన కంపోస్టూ దాన్ని కొంత పట్టి ఉంచుతుంది. ఇంత చేసినా అది నేలలోంచి పోదు, నోరుమూసుకుని పడి ఉంటుందంతే. మళ్లీ నేల పులిస్తే మళ్లీ లేస్తుంది. అందుకే అడక్కపోవడం ఉత్తమం అని నా అభిప్రాయం.

ఏటా డిసెంబర్ 5న ప్రపంచ నేలల దినోత్సవం. ఆ ఒక్కరోజు మూడు శాఖలవాళ్లూ ఒకే వేదిక ఎక్కుతారు. వేదిక మీద కార్పెట్ ఉంటుంది గనక నేల ఎవరికీ కనబడదు. మన తిండిలో 95 శాతం నేల నుంచే వస్తోందని ఒకరు చదువుతారు, అందరూ తలలూపుతారు. వెనక వరుసలో ఎవరో కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు లేచి, కాడ్మియం పరీక్ష ఖర్చు ఈ మూడింటిలో ఏ శాఖ పెట్టుకుంటుందని అడుగుతాడు. మంచి ప్రశ్నేనని అధ్యక్షులవారు మెచ్చుకుంటారు. అప్పటికి భోజనాల టైమవుతుంది.