సూది గుచ్చేది వెన్నులో కాదు

"మూలకణాలు దానం చేస్తే వెన్నులో సూది గుచ్చుతారు, కాళ్లు పడిపోతాయి. ఆ ఇంజెక్షన్లతో దాతకే క్యాన్సర్ వస్తుంది. ఇంట్లో అన్నదమ్ములుండగా పరాయివాళ్ల కణాలెందుకు? ఇదంతా డాక్టర్ల పని, నర్సులకు అనవసరం." ఫోన్లలో తిరుగుతున్న ఈ సందేశం చూపించి నర్సింగ్ విద్యార్థిని ఒకరు "నిజమేనా మేడమ్?" అని అడిగింది. వెన్నుపాము వేరు, ఎముక మూలుగ వేరు అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న అమ్మాయే!

రక్తాన్ని తయారుచేసే మూలకణాలు ఉండేది ఎముకల లోపలి మూలుగలో. ఆ మూలుగ దెబ్బతిన్న రోగికి దాత కణాలు ఎక్కించడమే మార్పిడి. వెన్నుపాము నడుము దగ్గర మొదటి, రెండో పూసల మధ్యే ముగిసిపోతుంది. మూలుగ తీసేది అంతకంటే కిందనున్న తుంటి ఎముక వెనుక భాగం నుంచి, దాతకు పూర్తి మత్తు ఇచ్చి. పైగా ఇప్పుడు ఎక్కువ మంది దాతలకు ఆ అవసరమే రావడం లేదు. నాలుగైదు రోజులు ఫిల్‌గ్రాస్టిమ్ అనే మందు ఇంజెక్షన్లు ఇస్తే మూలకణాలు రక్తంలోకి వస్తాయి. ఒక చేతి నుంచి తీసిన రక్తంలో యంత్రం వాటిని వేరుచేసి, మిగిలినదాన్ని రెండో చేతికి ఎక్కిస్తుంది. నాలుగు నుంచి ఆరు గంటల పని. అలాగని "నొప్పే ఉండదు" అని చెప్పే, దానం చేయమని కోరే మన ప్రచారకుల మాటా అబద్ధమే. ఆ ఇంజెక్షన్ల రోజుల్లో ఎముకల నొప్పులు, తలనొప్పి చాలామందికి వస్తాయి. అరుదుగా, పొట్టలో ఎడమవైపుండే ప్లీహానికి ముప్పు ఉంటుంది కాబట్టే ముందు పరీక్షలు చేస్తారు.

క్యాన్సర్ మాటకొస్తే, ఏళ్ల తరబడి గమనించిన దాతల్లో అది మిగతావాళ్లకంటే ఎక్కువగా కనిపించలేదు.

తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. చూసేది హెచ్‌ఎల్‌ఏ పోలిక, అంటే కణాల మీదుండే గుర్తుల పోలిక, రక్తం గ్రూపు కాదు. గ్రూపు వేరైతే, మార్పిడి తర్వాత రోగి రక్తమే క్రమంగా దాత గ్రూపులోకి మారుతుంది.

ఇక నర్సులకు అనవసరమన్న మాట. నాకు కోపం తెప్పించింది ఇదే. దాత, దాత తల్లి తమ భయాలన్నీ చెప్పుకొనేది మంచం పక్కనున్న నర్సుతోనే. చెంప లోపల దూదిపుల్ల తిప్పించుకోవడం దాతల జాబితాలో నమోదు మాత్రమేనని, ఎప్పుడైనా వెనక్కి తగ్గవచ్చని ఆమె చెప్పగలగాలి. ఇంకో సంగతి దాచకూడదు: మార్పిడికి ముందు మందులతో రోగి మూలుగను నాశనం చేస్తారు. ఆ తర్వాత దాత తప్పుకుంటే రోగి ప్రాణానికే ముప్పు. అందుకే మొహమాటపెట్టి ఎవరి చేతా పేరు రాయించకూడదు.

ఇదంతా విన్నాక ఆ అమ్మాయి వెంటనే పేరు ఇవ్వలేదు. ఇంట్లో మాట్లాడి వస్తానంది. నాకు అదే నచ్చింది.